పగలు వైట్, రాత్రి డార్క్: ఒక ఔత్సాహిక ఫొటోగ్రాఫర్ కేసు

ఈ కేసులోని వ్యక్తి అనుమతి తీసుకునే ఇది రాస్తున్నాను. ఆమె పేరు, ఊరు, ఉద్యోగం చెప్పడం లేదు. కుటుంబ వివరాలు కొన్ని మార్చాను. సెట్టింగులు, ఫొటోల సంగతులు, ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామన్నది మాత్రం జరిగినట్టే రాశాను. ఫొటోగ్రఫీ నేర్పేవాళ్లకూ, సొంతంగా నేర్చుకుంటూ ఒకచోట ఆగిపోయినవాళ్లకూ ఇందులో పనికొచ్చే విషయం ఉందని నా నమ్మకం.

నేపథ్యం

గోదావరి డెల్టాలో నేను స్టూడియో నడుపుతూ, ఆసక్తి ఉన్నవాళ్లకు ఆదివారాలు ఫొటోగ్రఫీ నేర్పుతుంటాను. ఆమె నా దగ్గరకు వచ్చేసరికి కెమెరా కొని రెండేళ్లు దాటింది. ఎంట్రీ లెవెల్ డీఎస్ఎల్ఆర్, దాంతో వచ్చిన 18-55, 55-250 లెన్సులు (ఈ అంకెలు మిల్లీమీటర్లలో ఫోకల్ లెంగ్తు, పెరిగేకొద్దీ దూరంలో ఉన్నది దగ్గరగా కనబడుతుంది), ఒక తేలికపాటి ట్రైపాడ్. వయసు నలభైకి అటూ ఇటూ. ఉద్యోగం, ఇల్లు, చదువుకునే పిల్లలు. అపెర్చర్ (లెన్సు తెరుచుకునే రంధ్రం, ఎఫ్ అంకె తగ్గేకొద్దీ పెద్దది), షట్టర్ (వెలుగు లోపల పడే సమయం), ఐఎస్ఓ (వెలుగుకు సెన్సరు స్పందించే తీరు) అంటే ఏమిటో వీడియోలు చూసి బాగానే నేర్చుకున్నారు. ఆమెకు పాఠాలు తక్కువ పడలేదు. అది మొదటి రోజే తెలిసింది.

ఆమె తీసేవి మూడు రకాలు. రాజమహేంద్రవరం వీధులు, ఘాట్లు ఒకటి. గోదావరి వంతెనల మీద రాత్రి దీపాలు ఇంకొకటి. కోరింగ మడ అడవులు, పొలాల్లో కొంగలు మూడోది. హార్డ్ డిస్కులో వీటికి మూడు ఫోల్డర్లు: సిటీ, నైట్, నేచర్. ఈ మూడు ఫోల్డర్ల సంగతి తర్వాత ముఖ్యమవుతుంది.

ఇంకో విషయం కూడా మొదట్లోనే రాసిపెట్టుకున్నాను. చీకటి పడ్డాక ఘాట్‌లో ఒంటరిగా ట్రైపాడ్ వేసుకుని నిలబడటం ఆమెకు కుదరదు. భర్తో తమ్ముడో వెంట రావాలి, వాళ్లకు వీలైన రోజే వెళ్లాలి, ఎనిమిది గంటలకల్లా తిరిగి రావాలి. నేర్పేవాళ్లు చాలామంది దీన్ని ఇంటి విషయంగా చూసి వదిలేస్తారు. నా దృష్టిలో ఇది లెన్సు అపెర్చర్ ఎంత అన్నంత గట్టి హద్దు. ప్లాను దాని లోపలే వేయాలి.

సమస్య

ఆమె మాటల్లోనే: "మాస్టారూ, పగలు తీస్తే వైట్ కొట్టేస్తోందండి. రాత్రి తీస్తే డార్క్ వస్తోంది. కంప్యూటర్‌లో కాస్త పెంచితే గ్రెయిన్స్ తేలిపోతున్నాయి. ఈ బాడీ మార్చేసి ఫుల్ ఫ్రేమ్ తీసుకుందామనుకుంటున్నానండి."

ఫుల్ ఫ్రేమ్ అంటే పెద్ద సెన్సరు ఉండే ఖరీదైన కెమెరా. దానికి డబ్బు కూడబెట్టుకున్నారు. కొనేముందు ఒక మాట అడుగుదామని వచ్చారు.

కొనమనో వద్దనో చెప్పేముందు ఫోల్డర్లు మూడూ పూర్తిగా తెమ్మన్నాను. నేర్చుకునేవాళ్లు సాధారణంగా బాగా వచ్చినవి ఏరి తెస్తారు. వాటిలో జబ్బు కనబడదు. పోయిన ఫొటోలు, తీసేద్దామనుకున్నవి, ఒకే దృశ్యాన్ని మళ్లీ మళ్లీ ప్రయత్నించినవి నాకు కావాలి. ప్రతి ఫొటోలోనూ కెమెరా రాసిపెట్టే ఎక్సిఫ్ వివరాలు ఉంటాయి కదా, ఫొటో కంటే ముందు అవి చదివాను.

పగటి ఫొటోల్లో ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్, అంటే కెమెరా కొలతకు మనం చేసే హెచ్చుతగ్గు, దాదాపు అన్నిటా ప్లస్ వైపు ఉంది, +0.7 అనో +1 అనో. రాత్రి ఫొటోల్లో మైనస్ వైపు. అంటే కెమెరా చెప్పిన కొలత మీద పగలు ఆమే వెలుగు పెంచుతున్నారు, రాత్రి ఆమే తగ్గిస్తున్నారు. ఆమె రెండు జబ్బులనుకున్నది ఒకే చేతి పని. మరి ఆ చేతికి అలా చేయమని ఎవరు చెబుతున్నారు?

కెమెరా అడిగి తీసుకుని చూశాను. ఎండలో కనబడటం లేదని స్క్రీన్ వెలుగును చివరిదాకా పెంచి వదిలేశారు. అక్కడ దొరికింది కారణం. డెల్టా ఎండలో, తెల్లటి ఇసుక, నీటి మెరుపు మధ్య ఎంత పెంచిన స్క్రీన్ అయినా వెలవెలబోతుంది. ఫొటో చాలలేదనిపించి ప్లస్ కొడతాం. అదే స్క్రీన్ చీకట్లో కళ్లు చెదిరేలా వెలుగుతుంది. మునిగిపోయిన ఫొటో కూడా బ్రహ్మాండంగా కనబడుతుంది. ఎక్కువైందేమోనని మైనస్ కొడతాం. ఇంటికెళ్లి కంప్యూటర్‌లో పెంచితే, చీకటి భాగాల్లో అణగి ఉన్న గ్రెయిన్స్, అంటే ఇసుక చల్లినట్టుండే చుక్కలు, పైకి వస్తాయి.

నోటితో చెబితే నమ్మకం కుదరదని ఒకే ఫొటోను బయట ఎండలో ఒకసారి, స్టూడియో తలుపులు మూసి లైట్లు ఆర్పి ఒకసారి చూపించాను. "ఇది ఆ ఫొటోయేనాండీ?" అన్నారు. ఫుల్ ఫ్రేమ్ మాట ఆ రోజుకు ఆగింది. ఎంత ఖరీదైన బాడీకైనా ఉండేది అలాంటి స్క్రీనే.

మొదటి దిద్దుబాటు

స్క్రీన్ వెలుగు మధ్యకు తెచ్చి అక్కడే ఉంచమన్నాను. ఫొటో బాగుందా లేదా అన్నది స్క్రీన్‌లో చూడొద్దు, ఫొటోలో వెలుగు నీడలు ఎంతెంత ఉన్నాయో చూపే హిస్టోగ్రామ్ గ్రాఫ్ చూడండి, తెల్లబోయిన చోట మిణుకుమనే హెచ్చరిక ఆన్ చేసుకోండి అన్నాను. జేపెగ్ బదులు, సెన్సరు పట్టిన వివరమంతా ఉంచే రా ఫైళ్లకు మారాం.

కొంగల విషయం ఇంతటితో తేలలేదు. పొలంలో తెల్ల కొంగను తీస్తే ఇంకా ఈకలు మాడుతూనే ఉన్నాయి. ఆమె సొంతంగా ఆలోచించి కాంపెన్సేషన్ -1 దగ్గర పెట్టేశారు. సగం ఫొటోలు బాగయ్యాయి, సగం బూడిద రంగుకు తిరిగాయి. కారణం కెమెరా మీటరు లెక్క. ఫ్రేములో ఉన్నదంతా కలిపితే మధ్యరకం బూడిద రంగు వస్తుందని అది అనుకుంటుంది. నల్లటి బురదలో చిన్న కొంగ ఉంటే బురదను చూసి వెలుగు పెంచేస్తుంది, కొంగ మాడుతుంది. అదే కొంగ ఎగిరి దగ్గరకొచ్చి ఫ్రేము నిండితే తెలుపును చూసి తగ్గించేస్తుంది. రెంటికీ ఒకే మైనస్ ఎలా సరిపోతుంది?

అందుకే మాన్యువల్ మోడ్‌కు మార్చాం. కొంగ వెనక బురద ఉన్నా ఆకాశం ఉన్నా దాని మీద పడే ఎండ ఒక్కటే. ఆ ఎండకు ఈకల గీతలు నిలిచేలా ఒకసారి పెట్టుకుంటే, మబ్బు పట్టేదాకా ముట్టుకోనక్కర్లేదు. ఉదయపు ఎండలో ఐఎస్ఓ 400, ఎఫ్/8, 1/1600 ఆమెకు కుదిరింది. పక్షి ఎగిరినప్పుడల్లా డయల్ తిప్పే టెన్షన్ పోయింది. చూపు పక్షి మీదే నిలవడం మొదలైంది.

ఎక్కడ తీయాలన్నది కూడా అప్పుడే మార్చాం. కోరింగలో 55-250తో ఆమె చాలా కష్టపడ్డారు. అభయారణ్యంలో చెక్క వంతెన మీద నడుస్తుంటే మడ చెట్లు పైనుంచి కమ్ముకుని ఉంటాయి, వెలుగు తక్కువ. పక్షులేమో కాలువకు అవతల. 250 చాలదు, షట్టర్ 1/125కు పడిపోతుంది, ఫొటో షేక్ అవుతుంది. అక్కడికి 600 లెన్సు కావాలి, నిజమే. కానీ ఆ లెన్సు ధరతో పనిలేకుండా పక్షి దానంతటదే దగ్గరకు వచ్చే సందర్భం మన పొలాల్లోనే ఉంది. తొలకరికి ధవళేశ్వరం ఆనకట్ట నుంచి కాలువలకు నీళ్లు వదిలాక సార్వా (తొలి వరి పంట) దమ్ము మొదలవుతుంది. ట్రాక్టరు బురద తిప్పుతుంటే బయటపడే పురుగుల కోసం కొంగలు దాని వెనకే గుంపులుగా తిరుగుతాయి. గట్టు మీద కదలకుండా కూర్చుంటే ట్రాక్టరు ప్రతి చుట్టులోనూ కొంగల్ని మన ముందుకు తెస్తుంది. రెండో పంట దాళ్వాకు మళ్లీ ఇదే జరుగుతుంది. కోరింగ వెళ్లినప్పుడు పక్షుల్ని వదిలేసి, ఆటు సమయంలో బురదలోంచి పైకి పొడుచుకొచ్చే మడ చెట్ల శ్వాస వేర్లను తీయమన్నాను. అవి కదలవు. ట్రైపాడ్ పెట్టి నింపాదిగా తీసుకోవచ్చు.

రాత్రి ఫొటోలు

ఇక్కడ ఎక్కువ సమయం పట్టింది. మొదట ఆమె రోడ్డు కమ్ రైలు వంతెన మీద ట్రైపాడ్ పెట్టి ప్రయత్నించారు. అది పైన రోడ్డు, కింద రైలు పట్టాలు ఉన్న వంతెన. రైలు వెళ్తుంటే పైన నడిచేవాళ్లకే అదురు తెలుస్తుంది, ఇక కొన్ని సెకన్ల ఎక్స్‌పోజర్ ఎలా నిలుస్తుంది? ట్రైపాడ్ నాసిరకమని ఆమె అనుకున్నారు. ఘాట్ మెట్ల మీద అదే ట్రైపాడ్, అదే లెన్సు, రెండు సెకన్ల టైమర్‌తో ఫొటో స్పష్టంగా వచ్చింది.

దీపాల చుట్టూ తెల్లటి పొగలాంటి వలయం మాత్రం పోలేదు. ఎక్స్‌పోజర్ తగ్గించినా ఉంది. లెన్సు మార్చి చూస్తే లేదు. 55-250లో ఫంగస్ పట్టింది. మన గాలిలో తేమకు బ్యాగులో మూసిపెట్టిన లెన్సుకు ఏ ఇంట్లోనైనా ఇలా జరగొచ్చు. శుభ్రం చేయించి, గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టుకోమన్నాను. కెమెరా నెలల తరబడి బీరువాలో ఉంచేవాళ్లు ఈ ఒక్క జాగ్రత్తయినా తీసుకోవాలి.

తర్వాత హెచ్‌డీఆర్. పూర్తి చీకటిలో వంతెన దీపాలు ఒక కొస, నల్లటి నది ఇంకో కొస. రెండూ ఒక ఫొటోలో పట్టవని మూడు వేర్వేరు ఎక్స్‌పోజర్లు తీసి కలిపారు. నీళ్లు కదులుతాయి, పడవ కదులుతుంది, మెట్ల మీద మనుషులు కదులుతారు. కలిపిన ఫొటోలో మనిషికి రెండు నీడలు, నదికి ప్లాస్టిక్ మెరుపు. ఇంకా మంచి సాఫ్ట్‌వేర్ ఉంటే కుదురుతుందా అని అడిగారు. కుదరొచ్చు. కానీ నదిని నల్లగా మింగేసిన గంటలో నిలబడి, ఆ నలుపును సాఫ్ట్‌వేర్‌తో ఎందుకు తోడాలి? ఆకాశంలో ఇంకా కాస్త వెలుగు ఉన్నప్పుడే తీస్తే సరి.

మన అక్షాంశం దాదాపు 17 డిగ్రీలు. ఇక్కడ సూర్యుడు నిటారుగా దిగుతాడు, సంధ్య తొందరగా కరిగిపోతుంది. అస్తమయం తర్వాత దాదాపు అరగంటలోనే ఆకాశపు నీలం చిక్కబడి నలుపుకు తిరుగుతుంది. వీధి దీపాల బలమూ ఆకాశపు బలమూ సరితూగేది అందులో కొద్ది నిమిషాలే. రాజమహేంద్రవరం ఘాట్లు తూర్పు గట్టున ఉన్నాయి కాబట్టి సూర్యుడు కొవ్వూరు వైపు, నదికి అవతల దిగుతాడు. వంతెనల వెనక ఆకాశమే చివరిదాకా వెలుగుతూ ఉంటుంది. ఆర్చ్ వంతెన కమానులూ, 1900 నుంచి 1997 దాకా రైళ్లు మోసి విశ్రమించిన హేవలాక్ వంతెన స్తంభాలూ ఆ ఆకాశం మీద గీసినట్టు నిలుస్తాయి. ఐఎస్ఓ 100, ఎఫ్/8, నాలుగు సెకన్లు. ఒకే ఫ్రేము, ఏ కలుపుడూ లేదు. ఆమె ఏడు గంటలు దాటేసరికి ఇంటిదారి పట్టొచ్చు. హద్దు లోపల పని చేయడం వల్ల వచ్చిన రాజీ కాదిది. ఎనిమిది తర్వాత ఎంతసేపు నిలబడినా ఈ ఫొటో రాదు.

పనిచేయని ప్రయత్నం

పాలపుంత తీయాలని ఆమెకు ఎప్పటినుంచో కోరిక. అంతర్వేదిని ఎంచుకోవడానికి మంచి కారణాలే చూపించారు. మన తీరం ఆగ్నేయానికి తిరిగి ఉంటుంది, ఏప్రిల్, మే నెలల్లో అర్ధరాత్రి వేళ పాలపుంత నడిమి భాగం కనబడేది కూడా ఆ వైపే. పైగా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం, సముద్రం మీద మరపడవల దీపాలుండవు. అమావాస్య చూసుకుని కుటుంబంతో స్వామి దర్శనానికి వెళ్లి రాత్రి అక్కడే ఉన్నారు. 18 ఎంఎం దగ్గర ఎఫ్/3.5, ఐఎస్ఓ 3200, 15 సెకన్లు. నక్షత్రాలు గీతలు కాకుండా ఉండటానికి 500ను ఫోకల్ లెంగ్తుతో భాగించే లెక్క, చిన్న సెన్సరుకు తగ్గట్టు సవరించి వేసుకున్నారు. లెక్కలో తప్పు లేదు.

ఫొటోలో పాలపుంత పల్చటి మరకలా వచ్చింది. సముద్ర మట్టంలో వేసవి తేమ నక్షత్రాల వెలుగును తాగేస్తుంది. అదే తేమ వెనకవైపు ఊళ్ల దీపాలను, చెరువుల గట్ల మీది దీపాలను ఆకాశానికి పులుముతుంది. కాసేపటికి లెన్సు అద్దం మీద మంచు పట్టింది. మారేడుమిల్లి కొండల్లో అయితే ఇదే కెమెరా ఇంతకంటే మంచి ఫలితం ఇస్తుంది. కానీ అక్కడ అర్ధరాత్రి గడపడం ఆమె జీవితంలో మళ్లీ మళ్లీ కుదిరే పని కాదు. ఎప్పుడో ఒకసారి కుదిరేదాని మీద సాధన నిలవదని చెప్పి దాన్ని పక్కన పెట్టించాను. ఆమెకు బాధ కలిగింది. అయినా ఒప్పుకున్నారు.

అసలు మలుపు

ఇప్పటికి ఎక్స్‌పోజర్లు సరిగ్గా వస్తున్నాయి. కొంగ ఈకలు నిలిచాయి, వంతెన నిలిచింది. ఆ దశలో ఆమె ఒక మాటన్నారు: "ఇప్పుడు తప్పేం లేదండి. కానీ ఫొటోలో ఏమీ లేదండి." ఈ కేసు రాయడానికి కారణం ఆ మాటే. చాలామంది ఇక్కడే కెమెరా అమ్మేస్తారు, లేదా కొత్తది కొంటారు.

కొత్త పాఠం ఏదీ చెప్పలేదు. మూడు ఫోల్డర్లనూ పగలగొట్టమన్నాను. సిటీ, నైట్, నేచర్ అన్న పేర్లు తీసేసి, ప్రతి ఫొటోనూ రెండు ప్రశ్నలతో మళ్లీ పేర్చమన్నాను: ఏ వేళ తీశారు, వెలుగు దేని నుంచి వచ్చింది? నా ఆలోచన ఇది. మనం పెట్టుకున్న రకాలు ఇంకొకరి దగ్గర అరువు తెచ్చుకున్నవి. ఆ రకానికి మంచి ఫొటో ఎలా ఉండాలో కూడా వాటితోనే వచ్చేస్తుంది, మనం దానికి నకలు తీస్తూ ఉంటాం. వెలుగును బట్టి పేరిస్తే తన చూపు దేని మీద నిలుస్తోందో ఆమెకే కనబడే అవకాశం ఉంది.

కనబడింది. ఆమె మనసు పెట్టి తీసినవి, ఒకే దృశ్యం దగ్గర ఆగి మళ్లీ మళ్లీ తీసినవి దాదాపు అన్నీ ఒక గుంపులోకి చేరాయి. చీకటి పడుతుండగానో, తెల్లవారకముందో, మనుషులు తమ పని కోసం వెలిగించుకున్న దీపాల దగ్గర తీసినవి. ఘాట్‌లో పూలమ్మే ఆమె బండి మీద బల్బు. రొయ్యల చెరువు గట్టున కాపలా గుడిసె దీపం. తెల్లవారకముందు చేపల బేరం జరిగేచోట తట్టల మీద వాలిన టార్చి వెలుగు. ఇవి మూడు ఫోల్డర్లలో చెదిరిపోయి ఉండటంతో ఒకదాని పక్కన ఒకటి ఎప్పుడూ చూసుకోలేదు. సిటీ ఫోల్డర్లో అవి మంచి స్ట్రీట్ ఫొటోలు కావు. నేచర్ ఫోల్డర్లో అసలు ప్రకృతే కావు. అందుకే రెండుచోట్లా రెండో రకంగా మిగిలిపోయాయి.

చామంతి పొలాల మాట నేనెత్తాను. కడియం నర్సరీల వైపు పగలు తగ్గే నెలల్లో రాత్రిళ్లు చామంతి మొక్కల మీద బల్బులు వెలుగుతుంటాయి. రాత్రి పొడవైతే చామంతి మొగ్గ తొడుగుతుంది. రైతుకు పువ్వు ఎప్పుడు కావాలో అప్పటిదాకా రాత్రిని దీపాలతో విరగ్గొట్టి మొక్కను ఆకుల మీదే పెరగనిస్తారు. ప్రకృతీ, రాత్రీ, మనిషి దీపమూ అన్నీ అక్కడే ఉన్నాయి.

మొదటిసారి వెళ్లినప్పుడు బల్బులే ఫొటో మధ్యలోకి వచ్చి మాడిపోయాయి. ఇది పాత జబ్బు కాదు, ఎక్కడ నిలబడాలన్న సమస్య. బల్బును ఆకుల వెనక దాచి, అది వెలిగించిన మొక్కనే చూపించమన్నాను. ఆకాశంలో నీలం ఉండగానే మొదలుపెట్టాలి. రంగుల వెచ్చదనాన్ని నిర్ణయించే వైట్ బ్యాలెన్స్‌ను 3800 కెల్విన్ దగ్గర ఉంచితే దీపపు పసుపు చావదు, ఆకాశపు నీలం నిలుస్తుంది. ఆటోలో వదిలేస్తే కెమెరా ఆ పసుపును దోషమనుకుని కడిగేస్తుంది. పొలం యజమానిని ముందుగా అడిగి, పనివాళ్లతో మాట్లాడి, వచ్చిన ఫొటో ప్రింటు వాళ్లకు ఇవ్వడం ఆమె సొంతంగా పెట్టుకున్న పద్ధతి. దాంతో రెండోసారి వెళ్లినప్పుడు వాళ్లే పిలిచి ఏ మడిలో దీపాలు ఎప్పుడు వేస్తారో చెప్పారు.

నేర్పేవాళ్లకు

ఈ కేసు తర్వాత నా పద్ధతిలో రెండు మార్పులు చేసుకున్నాను. కొత్తగా వచ్చినవాళ్ల దగ్గర పోయిన ఫొటోలు, ఎక్సిఫ్‌తో సహా, ముందు అడుగుతున్నాను. వాళ్లు ఏ గంటల్లో బయటకు రాగలరో రాసుకుని, ఆ గంటల్లో ఆకాశం ఏమిస్తుందో దాన్ని బట్టే పాఠం వేస్తున్నాను. ఉద్యోగం, పిల్లలు ఉన్న ఆడవాళ్ల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. కుదరని వేళ మీద కట్టిన సాధన నెల తిరక్కుండా ఆగిపోతుంది, తప్పు తమదేనని వాళ్లు అనుకుంటారు.

ఫోల్డర్లు విడగొట్టడం మాత్రం అందరికీ మొదటి రోజే చేయించకూడదు. ఎక్స్‌పోజర్ కుదరని దశలో చేస్తే పోయిన ఫొటోలన్నీ ఒకేలా కనబడతాయి, ఏ గుంపూ తేలదు. ఆమెకు అది పనిచేసిందంటే, అప్పటికి చేతికి పని వచ్చేసి ఉండటం వల్లే.

ఇప్పటి పరిస్థితి

చామంతి పొలాల వరుస ఇంకా పూర్తి కాలేదు. మొక్కలు బాగా వస్తున్నాయి, మనుషులు రావడం లేదు. ట్రైపాడ్ మీద నాలుగు సెకన్లు పెడితే పని చేసే చేయి చెరిగిపోతుంది. పనివాళ్లను కదలకుండా నిలబడమని అడగడం ఆమెకు ఇష్టం లేదు, అది నాకూ సబబే అనిపించింది. కిట్ లెన్సు 50 ఎంఎం దగ్గర ఎఫ్/5.6 కంటే తెరుచుకోదు. ఐఎస్ఓ 1600 పెట్టినా 1/6 సెకను పడుతోంది. 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్సు అయితే వెలుగు దాదాపు పది రెట్లు, అదే చోట 1/60 వస్తుంది. ఫుల్ ఫ్రేమ్ బాడీ కోసం దాచిన డబ్బులో చిన్న భాగంతో ఆ లెన్సు తీసుకోమన్నాను. ఇప్పుడు అది ఎందుకు కావాలో ఆమెకు కచ్చితంగా తెలుసు. 1/60 వచ్చినా 1/50 దగ్గరే ఉంచమన్నాను. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఎల్ఈడీ బల్బులు చాలావరకు సెకనుకు వందసార్లు మిణుకుతాయి. 1/50లో రెండు మిణుకులు పూర్తిగా పడతాయి, ఫొటోలో చారలు రావు. లెన్సు వచ్చింది. పగళ్లు తగ్గి, మడుల్లో మళ్లీ దీపాలు వేసే నెలల కోసం చూస్తున్నారు.